ఇంటి షెడ్డులో ప్లగ్ పాయింట్లు: వింజమూరు ప్రాంతం

ఇంటి ఆవరణలో వాహనాలు నిలిపే చోటికి విడిగా కరెంటు తీసుకుపోయి ప్లగ్ పాయింట్లు పెట్టుకోవడం నెల్లూరు జిల్లా పడమటి మెట్టకు కొత్తగా వచ్చిన అవసరం. వింజమూరు, కలిగిరి, దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల ఈ చోటు ఒక్కో ఇంట్లో ఒక్కో రూపంలో ఉంటుంది. కొత్త మేడలకు ముందు పోర్టికో. పాత మిద్దెలకు పక్కన దించిన రేకుల వసారా. సేద్యగాళ్లకైతే ట్రాక్టరు, మోటారు సైకిళ్లు, ఎరువు బస్తాలు, పశువుల మేత, పొగాకు పండించే ఇళ్లలో అమ్మకానికి సిద్ధం చేసిన బేళ్లు కూడా ఒకే కప్పు కింద ఇమిడే షెడ్డు. ఈ మూడింటికీ ఒకే తీరు వైరింగు సరిపోదు.

సాకెట్టు ధర వందల్లో తేలిపోతుంది. డబ్బూ ఆలోచనా పెట్టవలసింది దాని వెనకున్న వైరు మీద, భూమిలో దించిన ఎర్తు మీద, లీకేజి పసిగట్టి కరెంటు కట్టేసే స్విచ్చి మీద. పనికి పిలిచిన మనిషి ముందుగా అడిగే ప్రశ్న "పాయింట్లు ఎన్ని కావాలి?" అని. అడగవలసింది మాత్రం ఈ నేలలో ఎర్తు ఎంత పనిచేస్తుంది అని. ఈ ప్రాంతపు రాతినేలలో లీకేజి స్విచ్చి లేని ఎర్తు చాలా ఇళ్లలో ఉండీ లేనట్టే.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. పల్లెలకు లైన్లు వేయడానికి అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ 1969లో వచ్చింది. ఆ రోజుల్లో వైరింగంటే గోడకు కొట్టిన చెక్క బద్దీ, దాని మీద రేకు క్లిప్పులతో పట్టిన వైరు, గుండ్రటి చెక్క దిమ్మె మీద నల్ల బేక్‌లైట్ స్విచ్చి, మీటరు పక్కన పింగాణీ ఫ్యూజు. ఉన్న ఇంట్లో రెండు మూడు లైట్లు, ఒక ఫ్యాను, రేడియోకి ఒక ప్లగ్గు. 1988-89లో మొదలైన కుటీర జ్యోతి పథకం పేద ఇళ్లకు ఇచ్చింది ఒకే ఒక్క బల్బు పాయింటు. బండ్లు పెట్టే చోటికి కరెంటు కావాలని అప్పుడెవరూ అడగలేదు. అక్కడ ఉన్నవి ఎద్దుల బండ్లు.

బోర్డు 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. మరుసటి ఏడు పంపిణీ సంస్థలు పుట్టాక నెల్లూరు జిల్లా తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కిందికి వచ్చింది. జనం నోట్లో అది ఇప్పటికీ కరెంటాఫీసే.

ఈలోపు షెడ్డు మారిపోయింది. బండి కడిగే ప్రెషర్ పంపు, టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు, డ్రిల్లింగు, గ్రైండింగు మిషన్లు, ట్రాక్టరు బ్యాటరీకి చార్జరు, మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరు, గేదెలున్న ఇంట్లో గడ్డి కత్తిరించే చాఫ్ కట్టరు అన్నీ అక్కడికే చేరాయి. ఉదయగిరి చెక్క చెంచాలకు, గరిటెలకు పేరున్న ఊరు. అలాంటి చేతిపని చేసుకునే ఇంట్లో వసారానే పనిచోటు. ఇవి చాలవన్నట్టు ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాయి. లోడు లెక్క వేసేటప్పుడు అందరూ మరిచిపోయేది ఇంకొకటుంది: శుభకార్యం. గృహప్రవేశమైనా పెళ్లయినా షామియానా వాళ్ల సీరియల్ సెట్లు, కూలర్లు, పాటల పెట్టె వైర్లు వెతుక్కుంటూ వచ్చేది పోర్టికోలో ఉన్న ప్లగ్గు దగ్గరికే. ఏడాదికి ఒకటి రెండు రాత్రులే అయినా, ఆ పాయింటు అత్యధిక లోడు మోసేది ఆ రాత్రుల్లోనే.

నేల, ఎర్తు

భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు వింజమూరు పేరు పరిచయమే. నెల్లూరు షిస్టు పట్టీ అనే పురాతన శిలల వరసలో ఒక భాగాన్ని వింజమూరు గ్రూపు అనీ, మరో భాగాన్ని ఉదయగిరి గ్రూపు అనీ పిలుస్తారు. మెట్ట నేలల్లో చాలా చోట్ల పైన పలచగా ఎర్రమట్టి, కింద రాయి. బోరు వేసేవాడికి ఎంత కష్టమో ఎర్తు గుంట తవ్వేవాడికీ అంతే.

ఎర్తు పని ఇది. మిషను లోపల ఫేజు వైరు తోలు ఊడి ఇనుప ఒంటికి తగిలితే, ఆ కరెంటు మనిషి గుండా కాక మూడో పిన్ను గుండా భూమిలోకి పోవాలి. అలా పోయే కరెంటు ఎక్కువై, ఫ్యూజో ఎంసీబీయో కొట్టేయాలి. పల్లెల్లో ఇంటి ఎర్తు ఇంటిదే, ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రల్‌కు వేసిన ఎర్తు వేరే. లీకైన కరెంటు మన గుంటలో దిగి, మట్టిలో ప్రయాణించి, ట్రాన్స్‌ఫార్మరు గుంటలో పైకి లేవాలి. దారిలో నేల అడ్డుపడితే కథ మారుతుంది.

భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 చెప్పే పైపు ఎర్తు తీసుకుందాం: సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు ఉన్న జీఐ పైపు. తేమ నిలిచే మట్టిలో, అంటే నిరోధకత 50 ఓమ్-మీటర్లున్న చోట, ఆ పైపు నిరోధం దాదాపు 17.5 ఓములు వస్తుంది. అదే పైపును 500 ఓమ్-మీటర్లున్న ఎండు రాతినేలలో దించితే 175 ఓములు. 230 వోల్టులను ఈ అంకెలతో భాగిస్తే మొదటి చోట 13 ఆంపియర్లు, రెండో చోట 1.3 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ట్రాన్స్‌ఫార్మరు ఎర్తును కూడా కలుపుకుంటే ఇంకా తక్కువే. 16 ఆంపియర్ల ఎంసీబీ ఈ రెండు చోట్లా కదలదు. అది పడాలంటే అంతకు మించిన కరెంటు కావాలి. వెంటనే పడాలంటే సీ రకం ఎంసీబీకి దాని మీద రాసిన ఆంపియర్లకు అయిదు నుంచి పది రెట్లు కావాలి. గ్రైండింగు మిషను ఒంటి మీద కరెంటు అలాగే నిలిచి ఉంటుంది, తడి కాళ్లతో వచ్చి పట్టుకునే మనిషి కోసం. ఎర్తు గుంట తవ్వించాం, పచ్చ వైరు లాగించాం, ఇక భయం లేదనుకునే ఇళ్లలో ఎన్నో ఈ స్థితిలోనే ఉన్నాయి.

ఇక్కడే ఆర్‌సీసీబీ అనే చిన్న పరికరం అక్కరకు వస్తుంది. ఫేజు వైరులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని అది నిరంతరం సరిచూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరిందంటే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా కరెంటు కట్టేస్తుంది. ఎర్తు నిరోధం 175 ఓములున్నా 30 మిల్లీ ఆంపియర్లకు ఒంటి మీద కనబడే వోల్టేజి అయిదు వోల్టులే. ప్రమాద రేఖగా లెక్కించే 50 వోల్టులకు అది చాలా దూరం. రాతినేల చేసిన అన్యాయాన్ని ఈ పరికరం సరిదిద్దుతుంది. అమెరికాలో ఇంటి గ్యారేజీ ప్లగ్గులకు ఇలాంటి రక్షణ 1978 నుంచే విద్యుత్ కోడులో ఉంది. అక్కడి పరికరం 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కట్టేస్తుంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న మనవాళ్లు గ్యారేజీ గోడ మీద టెస్ట్, రీసెట్ అని రెండు బుడిపెలున్న ప్లగ్గును చూసే ఉంటారు.

అయితే ఆర్‌సీసీబీ పెట్టిన ఇళ్లలో కొన్నిటిలో అది నెల తిరక్కుండానే పక్కకు పోతుంది. కారణం చాలా సార్లు న్యూట్రల్. షెడ్డు పాయింటుకు ఫేజు ఆర్‌సీసీబీ తర్వాత నుంచి తీసి, న్యూట్రల్ మాత్రం దగ్గర్లో దొరికిన వేరే బోర్డు నుంచి కలుపుతారు. వెళ్లిన దారిన తిరిగి రాని కరెంటును ఆ పరికరం లీకేజి అనే అనుకుంటుంది, పడిపోతుంది. మళ్లీ ఎక్కిస్తే మళ్లీ పడుతుంది. చివరికి "ఇది మన కరెంటుకు సరిపడదు" అన్న తీర్పుతో దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేస్తారు. పరికరం తన పని తాను చేసినందుకు శిక్ష పడుతుంది. షెడ్డు లైనుకు ఫేజూ న్యూట్రల్ రెండూ ఒకే ఆర్‌సీసీబీ కింద నుంచి, మరే లైనుతోనూ కలవకుండా వస్తే ఈ గొడవే ఉండదు. దాని మీదున్న టెస్ట్ మీటను నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కినా పడకపోతే మార్చాలి.

ఎర్తు విషయంలో ఊళ్లలో కనిపించే అడ్డదారులు రెండు. సాకెట్టు వెనక న్యూట్రల్ పిన్నుకూ ఎర్తు పిన్నుకూ చిన్న వైరు ముక్క కలపడం మొదటిది. టెస్టరుతో చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. న్యూట్రల్ ఎక్కడో తెగిన రోజున మిషను ఒళ్లంతా ఫేజవుతుంది. ఇంతకంటే ప్రమాదకరమైన వైరింగు మరొకటి లేదు. ఎర్తు వైరును బోరు కేసింగుకు చుట్టడం రెండోది. కేసింగు పీవీసీదైతే అది ఉత్త అలంకారం. ఇనుపదైతే, లీకేజి వచ్చినప్పుడు నీళ్లు పట్టుకునే చేతికి ఆ కరెంటు తగలవచ్చు.

గుంటలో బొగ్గు, ఉప్పు వేసి వేసవిలో నీళ్లు పోయడం పాత పద్ధతి. పనిచేస్తుంది, కానీ ఉప్పు ఆ పైపునే తినేస్తుంది. బెంటొనైట్ మట్టి వాడితే తేమ ఎక్కువ కాలం నిలుస్తుంది. రాయి తగిలి లోతు దిగని చోట జీఐ పట్టీని పొడవైన కాలవలో అడ్డంగా పరచడం, లేదా రెండు గుంటలు దూరదూరంగా తీసి కలపడం మంచిది.

ఎండ, రేకులు, వైరు

మే నెలలో ఈ మెట్టలో నీడపట్టునే 42, 43 డిగ్రీలు మామూలు. సిమెంటు రేకో జింకు రేకో కప్పిన షెడ్డులో, కప్పుకు ఆనించి కట్టిన పైపులో వేడి ఇంకా ఎక్కువ. పీవీసీ తొడుగున్న వైరు తట్టుకునే హద్దు 70 డిగ్రీలు. వైరు ఎన్ని ఆంపియర్లు మోస్తుందని చాలా పట్టికల్లో రాసే అంకెలు 30 డిగ్రీల గాలికి లెక్కగట్టినవి. ఆ అంకెలను మన వేసవికి మార్చుకోవాలి.

కారుతో వచ్చే సాధారణ చార్జరు సుమారు 3.3 కిలోవాట్లు తీసుకుంటుందనుకుందాం. అంటే 230 వోల్టుల దగ్గర 14.3 ఆంపియర్లు, గంటల తరబడి. గోడ మీద పైపులో లాగిన 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 30 డిగ్రీల దగ్గర 17.5 ఆంపియర్లు మోస్తుంది కాబట్టి చాలుననిపిస్తుంది. చుట్టూ 50 డిగ్రీలుంటే దాన్ని 0.71తో గుణించాలి: 12.4 ఆంపియర్లు. చాలదు. 2.5 వైరుకు 24 కాస్తా 17 అవుతుంది, బొటాబొటీ. 4 వైరుకు 32లోంచి 22 పైన మిగులుతుంది. లైట్లకు 1.5, పవర్‌కు 2.5 అన్నది మేస్త్రీల నోటి లెక్క. ఇంట్లో అది చెల్లుతుంది, రేకుల కింద బండి చార్జింగుకు 4 వేయడం తెలివైన పని.

దూరం కూడా లెక్కే. మీటరు నుంచి షెడ్డు 20 మీటర్లుంటే పోయే వైరు, వచ్చే వైరు కలిపి 40 మీటర్లు. అదే 14.3 ఆంపియర్లకు 1.5 వైరులో దాదాపు 7 వోల్టులు, 2.5లో 4 వోల్టులు, 4లో 3 వోల్టుల లోపు దారిలోనే పోతాయి. పట్నంలో ఇది పట్టించుకోనక్కర లేని తేడా. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివరనున్న ఇంట్లో సాయంత్రం పూట అసలే తక్కువ వోల్టేజి వస్తుంటే, ఆ ఏడు వోల్టులు పోయాక కంప్రెసరు మోటారు తిరగలేక మూలుగుతుంది. తిరగని మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, చుట్ట కాలిపోతుంది. కాలిన మోటారును తిట్టుకుంటారు గానీ సన్న వైరును ఎవరూ అనుమానించరు.

ఎంసీబీలు కూడా 30 డిగ్రీలకు సరిచేసినవే. రేకుల కింద ఇనుప డబ్బాలో బిగిస్తే వేసవి మధ్యాహ్నం తక్కువ లోడుకే పడిపోతాయి. అందుకే షెడ్డుకు పోయే లైను ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఇంటి లోపలి బోర్డులోనే ఉండాలి. షెడ్డులో లైను కట్టేసే ఒక ఐసొలేటరు చాలు.

ఇంటి సర్వీసు వైరు చాలా చోట్ల అల్యూమినియంది, లోపలిది రాగి. ఆ రెండింటినీ మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు కొన్నేళ్లకు తుప్పు పట్టి, వేడెక్కి, నల్లబడుతుంది. షెడ్డుకు కొత్త లోడు తగిలించిన తర్వాత మొదట కాలేది కొత్త వైరు కంటే ఆ పాత అతుకే. తగిన కనెక్టరు పెట్టి బిగించాలి.

కలిగిరిలోనూ డీసీ పల్లిలోనూ పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. ఆ చుట్టుపక్కల షెడ్డుల్లో బేళ్లు నిలవ ఉండే నెలలు వైరు వేడెక్కే నెలలు కూడా. పొగాకు, చొప్ప, గోనె సంచులు ఉన్న షెడ్డులో వైరును వాటికి తగలని గోడన, పైపులోనే తీసుకుపోవాలి. వాటి పక్కన ప్లగ్గు పాయింటే ఉండకూడదు.

ఇంటి నుంచి షెడ్డుకు

ఇంటి గోడకే ఆనుకున్న పోర్టికోకు గాడి కొట్టి పైపు వేస్తే సరిపోతుంది. విడిగా, పెరట్లో ఉన్న షెడ్డుకు రెండు దారులు. భూమిలో వేసేట్టయితే ఆర్మర్డ్ కేబులు తీసుకుని రెండున్నర అడుగుల లోతున ఇసుక పరిచి, కేబులు పెట్టి, మళ్లీ ఇసుక కప్పి, పైన ఇటుకలు పేర్చాలి. రేపు ఎవరో కొబ్బరి మొక్కకు గుంట తవ్వినప్పుడు గడ్డపారకు ముందు తగిలేది ఇటుక కావాలి.

రెండోది గాలిలో. ఇంటి మిద్దె నుంచి షెడ్డు వాసానికి జీఐ తీగ కట్టి దానికి వైరు వేలాడదీస్తారు. ఖర్చు తక్కువ. గాలికి ఊగి ఊగి వైరు తోలు తీగకు రాసుకుంటుంది, ఏదో ఒకనాడు తీగలోకి కరెంటు దిగుతుంది. ఆ తీగ నుంచో, దాన్ని కట్టిన ఇనుప కడ్డీ నుంచో బట్టలారేసే దండెం కట్టి ఉంటే ఏమవుతుందో తెలుగు పత్రికల జిల్లా పేజీలు చదివేవాళ్లకు చెప్పనక్కర లేదు. తడి బట్ట ఆరేయబోయి ప్రాణం పోయినవారిలో ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ఆ పని వాళ్లకే వదిలేసిన ఇళ్లు కాబట్టి. గాలిలో లాగక తప్పకపోతే తీగను రెండు కొసలా పింగాణీ ఇన్సులేటరుతో కట్టాలి, తీగకు ఎర్తు ఇవ్వాలి, వైరుకు పైన రెండో తొడుగుండాలి, దండెం నైలాను తాడుదై ఉండాలి. ఈ లైను ముందు ఆర్‌సీసీబీ ఉంటే తీగలోకి దిగిన కరెంటు కూడా ఆగిపోతుంది.

సాకెట్టు

మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు ఇంగ్లండు వారిది. 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 546 దానికి మూలం. 1947లో వాళ్లు చదరపు పిన్నులకు మారిపోయారు. మనం ఐఎస్ 1293 పేరుతో గుండ్రటివాటినే ఉంచుకున్నాం. ఇప్పుడు 6, 16 ఆంపియర్లని రాసి ఉన్నా అంగట్లో అడిగేది ఫైవ్ యాంప్స్, ఫిఫ్టీన్ యాంప్స్ అనే. షెడ్డుకు 16 ఆంపియర్లవే పెట్టడం మేలు. ఇరవై నాలుగు గంటలూ ఒక్కటే చార్జరు ఉండే చోట ఏసీ బాక్స్ అని పిలిచే మెటల్ క్లాడ్ సాకెట్టు, లేదా ఇండస్ట్రియల్ రకం నీలి సాకెట్టు ఇంకా నమ్మకం.

విదేశాల నుంచి వచ్చే సామానుతో ఒక చిక్కుంది. అమెరికాలో కరెంటు 120 వోల్టులు. అక్కడ కొన్న డ్రిల్లింగు మిషనును అడాప్టరు పెట్టి ఇక్కడి 230లో గుచ్చితే పొగ చూడటానికి ఒక్క క్షణం చాలు. అడాప్టరు పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. కువైట్, దుబాయ్ సామానుకు వోల్టేజి ఇబ్బంది లేదు, చదరపు పిన్నులే అడ్డం. వాటిని పుల్లతో షట్టరు నొక్కి గుండ్రటి రంధ్రాల్లోకి దూర్చేవాళ్లున్నారు. అతుకు వదులై, వేడెక్కి, సాకెట్టు ముఖం కరుగుతుంది. వైరు రంగులతోనూ జాగ్రత్త: మన పాత అలవాటులో నలుపు న్యూట్రల్, అమెరికాలో నలుపే ఫేజు.

ఎత్తు నేల నుంచి నాలుగు అడుగులు. దీనికి కారణాలున్నాయి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు వచ్చే నిప్పురవ్వ దానికి దూరంగా ఉండాలి. బండి కడిగిన నీళ్లు, పిల్లల వేళ్లు రెండో, మూడో కారణాలు. జల్లు కొట్టే వైపు మూత ఉన్న, ఐపీ 44కు తగ్గని సాకెట్టు పెట్టాలి. ఈ జిల్లాకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాను గాలితో పక్కవాటుగా కొడుతుంది. తలపై కప్పు ఉన్నంత మాత్రాన సాకెట్టు తడవదనుకోరాదు. మూత వల్ల ఇంకో లాభం: కుమ్మరి పురుగులు. వాడని సాకెట్టు రంధ్రాల్లో అవి మట్టి గూడు కట్టేస్తాయి. కొత్త ప్లగ్గు గుచ్చితే సగమే దిగుతుంది, మిగతా సగంలో నిప్పు పుడుతుంది. ఊచతో మట్టి గీకే ముందు మెయిను కట్టేయాలని వేరే చెప్పాలా.

బండి చార్జింగు

2022 ఏప్రిల్‌లో రోజుల తేడాతో రెండు దుర్ఘటనలు జరిగాయి. నిజామాబాదులో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. విజయవాడలో పడకగదిలో రాత్రంతా చార్జింగులో ఉన్న బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించాడు. రెండు చోట్లా పేలింది బండి నుంచి విప్పి ఇంట్లోకి తెచ్చిన బ్యాటరీ. ఆ ఏడాదే బ్యాటరీల భద్రతా ప్రమాణం ఏఐఎస్-156ను కఠినం చేశారు. సవరణలు 2022 డిసెంబరు మొదట్లో, 2023 మార్చి నెలాఖరున రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. బ్యాటరీ లోపాన్ని ఏ ప్లగ్గూ ఆపలేదు. కానీ షెడ్డులో మంచి పాయింటు ఉంటే బ్యాటరీ పడకగదికి రాదు. ఈ వ్యాసంలో చెప్పిన ఖర్చంతటికీ ఇదొక్కటే చాలినంత కారణమని నా అభిప్రాయం.

స్కూటరు చార్జర్లు చాలావరకు వెయ్యి వాట్ల లోపువి. వాటికి మామూలు పాయింటు చాలు. ఇబ్బంది ఎక్స్‌టెన్షన్ బాక్సుతోనే. అంగట్లో దొరికే చౌక బాక్సు వైరు మందం 0.75 చదరపు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. అయిదు మీటర్ల అలాంటి వైరు మీద కారు చార్జరు పెడితే ఆ వైరొక్కటే 50 వాట్లకు పైగా వేడి కక్కుతుంది. చుట్టగా చుట్టి నేల మీద పడేస్తే ఆ వేడి పోయే దారే ఉండదు. కారుకు ఎప్పుడూ గోడ పాయింటే, దానికి మీటరు బోర్డు నుంచి విడి లైనే. 7 కిలోవాట్ల గోడ చార్జరు కొనేవాళ్లు ముందు కరెంటాఫీసులో లోడు పెంచుకుని, 6 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని వైరు వేయించి, చార్జరు కంపెనీ చెప్పిన రకం ఆర్‌సీసీబీని పెట్టించాలి. మామూలు ఏసీ రకం ఆర్‌సీసీబీ బండి చార్జరు నుంచి వచ్చే డీసీ లీకేజిని గుర్తించలేదు.

లోడు, బిల్లు, చట్టం

కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల ప్రకారం ఇంటి కనెక్షను మీదే బండి చార్జింగు చేసుకోవచ్చు, విడి మీటరు అక్కర లేదు. బిల్లు మాత్రం శ్లాబు ఎక్కుతుంది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022-23కు నిర్ణయించిన గృహ ధరల్లో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. నెలకు 200 యూనిట్లు వాడే ఇంట్లో స్కూటరు మరో 45 యూనిట్లు తాగితే, మొదటి 25కు 150, మిగిలిన 20కి 175, వెరసి 325 రూపాయలు. పెట్రోలు ఖర్చుతో పోల్చుకునే పని పాఠకుడిదే.

వ్యవసాయ సర్వీసు నుంచి షెడ్డుకు లైను లాగడం, ఇంటి మీటరు మీద బాడుగ వెల్డింగు నడపడం ఊళ్లలో తప్పుగా తోచవు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను దృష్టిలో ఒక పనికిచ్చిన కరెంటును మరో పనికి వాడటం అనధికార వినియోగం. రెట్టింపు ధరతో లెక్కగట్టి వసూలు చేస్తారు. లైనుకు కొక్కెం తగిలిస్తే అది 135వ సెక్షను, దొంగతనం.

పని ఎవరు చేయాలన్నదీ చట్టంలో ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చి 2023లో మార్చి రాసిన భద్రతా నిబంధనలు బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్పిడి లాంటి చిన్న పనులను వదిలి, కొత్త పాయింట్లు చేర్చే పనికి లైసెన్సున్న కాంట్రాక్టరునూ, పర్మిటున్న పనివాణ్ణీ అడుగుతాయి. ఊళ్లో బోరు మోటార్లు బాగుచేసే కుర్రాడికి చేతి నైపుణ్యం ఉండవచ్చు; అతని దగ్గర ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు ఉందా అని అడగాలి. పని పూర్తయ్యాక 500 వోల్టులతో వైరింగు ఇన్సులేషన్ కొలిస్తే ఒక మెగాఓముకు తగ్గకూడదు. ఎర్తు గుంటనూ కొలిపించి ఆ అంకెను బోర్డు తలుపు లోపల తేదీతో రాయించుకుంటే, అయిదేళ్ల తర్వాత వచ్చే మనిషికి పోల్చి చూడటానికి ఆధారం ఉంటుంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటిపై సౌర ఫలకాలకు ఒక కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు, ఆపైన 78 వేల రూపాయల రాయితీ ఉంది. షెడ్డు కప్పు గట్టిదైతే ఫలకాలకు అనువైన చోటే. పగలు ఇంటి దగ్గర ఉండే స్కూటరుకు ఆ కరెంటు నేరుగా సరిపోతుంది. ఒక్క సంగతి చాలామందికి బిగించాకే తెలుస్తుంది. లైను కరెంటు పోతే, లైన్‌మన్ ప్రాణం కోసం, ఈ ఫలకాలను లైనుకు కలిపే మామూలు ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. మధ్యాహ్నం కోతలో కప్పు మీద ఎండ మండుతున్నా కింద ప్లగ్గులో కరెంటుండదు; అది కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ రకం వేరుగా కొనుక్కోవాలి.